పడవ కడుపులో మా అన్న

మా అన్న నాగేశప్ప లిఫ్టు ఎక్కడు. హోసూరు ఆసుపత్రిలో వదినకు ఆపరేషన్ అయినప్పుడు నాలుగో అంతస్తుకు కాఫీ ఫ్లాస్కు పట్టుకుని మెట్ల మీదే ఎక్కి దిగాడు. బస్సులో తలుపు దగ్గర సీటు దొరక్కపోతే తర్వాతి బస్సు కోసం నిలబడతాడు. ఇంట్లో స్నానాలగది తలుపుకు లోపల గడియే పెట్టలేదు. వడ్రంగి ఇంట్లో గడియ లేని తలుపేమిటని వచ్చినవాళ్ళు నవ్వుతారు. చుట్టాలు స్నానానికి పోతే మా వదిన అముద బయట కాపలా నిలబడుతుంది.

దీనికి కారణం ఉంది. అన్నకు మీసాలు వచ్చీరాని వయసులో సూళగిరి పక్కన ఒక రైతు ఇంటికి పనికి పోయాడు. రాగులు పోసే పెద్ద చెక్కపెట్టె అడుగు పుచ్చిపోయింది, మార్చాలి. మనిషి లోపల దిగి కూర్చునేంత పెట్టె అది. అడుగుపలక బిగిస్తుండగా పైమూత పడింది, బయటి కొక్కెం తగులుకుంది. ఇంటివాళ్ళంతా పెళ్ళికి పోయి ఉన్నారు. పొద్దుగూకి వాళ్ళు తిరిగొచ్చేదాకా అన్న ఆ చీకట్లోనే ఉన్నాడు. అరిచి అరిచి గొంతు పోయి చాలా రోజులు మాట్లాడలేదు. గొంతు మళ్ళీ వచ్చింది గానీ, మూసిన చోటంటే ఈనాటికీ ఒళ్ళు చల్లబడిపోతుంది.

అట్లాంటి మనిషికి దేవుడు రాసిపెట్టిన ఉద్యోగం చూడండి, పెట్టెలు చేయడం. మా నాయన వీధి తలుపులు చేసేవాడు. అన్నకూ ఆ పనే నేర్పాడు. ఇప్పుడు తలుపులు ఇనుపవీ ఫైబరువీ అంగట్లో నిలబెట్టి అమ్ముతున్నారు. అన్న హోసూరులో ఒక షెడ్డులో చేరి, ఫ్యాక్టరీల మిషన్లను లోపల పెట్టి పంపే చెక్కపెట్టెలకు మేకులు కొడుతూ తల నెరిపించుకున్నాడు. దుమ్ము బయటికి పోతుందని పక్కవాళ్ళు గొడవ చేస్తే, పని మొదలవగానే షట్టరు కిందికి దించేస్తారు. అన్న ఎప్పుడూ షట్టరు పక్కనే పీట వేసుకుని, కింద సందులో నుంచి వచ్చే వెలుతురును చూసుకుంటూ పని చేస్తాడు.

నేను మారెమ్మను, అన్నకు చెల్లెల్ని. అత్తిముగంలో అన్న వాకిలీ నా వాకిలీ పక్కపక్కనే. చీరలకు ఫాల్స్ కుడతాను, తీరిక దొరికితే నోరు పారేసుకుంటాను. ఈ రెండో పని నాకు ఎంత బాగా వచ్చో ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

తళి దగ్గర వీరప్ప అని పెద్ద రైతు ఉన్నాడు. ఆయన కొడుకు తిలక్ ప్లాస్టిక్ పైకప్పుల పాలీహౌసుల్లో గులాబీలు వేస్తాడు. ఆ తిలక్ చెన్నైకి పోయి, ఎవరో వదిలేసిన పాత తెరచాప పడవను కొన్నాడు. సముద్రంలో తిరిగిన పడవను లారీ మీద ఘాటెక్కించి కొండ మీదికి తెచ్చాడు. తోటలో గులాబీలకు నీళ్ళు నిలిపే పెద్ద గుంట ఉంది, దాంట్లో తేలేసి, వచ్చినవాళ్ళను ఒక రాత్రి అందులో పండబెట్టి డబ్బు చేసుకోవాలని ఆలోచన. డబ్బున్నవాళ్ళకు పిచ్చి పట్టినా దానికి ముందు ఒక లెక్క ఉంటుంది.

తీరా చూస్తే పడవ లోపలి గదిలో నేల మొత్తం కుళ్ళిపోయి ఉంది. కాలు పెడితే దిగబడింది. వీరప్ప వాళ్ళ పాత ఇంటి వీధి తలుపు మా అన్న చేసిందే. దాన్ని చూసి తిలక్ కబురు పంపాడు.

అన్న పోయి చూసి వచ్చిన సాయంత్రం నాకు బాగా గుర్తు. మొహం వెలిగిపోతోంది. పడవ గురించి ఒక్క మాట లేదు.

"ఆడొక షెడ్డు ఉండాది మారీ," అన్నాడు. "నాలుగు పక్కలా గోడల్లేవు. పైన రేకులు, అంతే. గాలి ఈ పక్క వచ్చి ఆ పక్క పోతాది. పడవ పని బాగా చేస్తే, కొండవాలు మీద ఎనిమిది చెక్క ఇళ్ళు కట్టాలంట. పనంతా ఆ షెడ్డులో నాకే ఇస్తానన్నాడు తిలకప్ప."

"ముందు ఆ పడవ కడుపులో దూరాల గదా అన్నా? నీకు బాత్రూమే ఎక్కువ!"

"దూరతా. కొన్నాళ్ళే గదా. దాని వెనక షెడ్డు ఉండాది."

పెట్టెల షెడ్డులో సెలవు చెప్పి పనికి దిగాడు. దిగాడని అనడం సులువు. గుంట ఒడ్డున నీలగిరి దుంగల ఊతం మీద పడవను నిలబెట్టారు. వెనక పక్కన ఒక చిన్న తలుపు. అందులో నుంచి వంగి నాలుగు మెట్లు దిగితే లోపలి గది. నిలబడితే తల తగులుతుంది, చేతులు చాపితే రెండు పక్కలా గోడలే. కిటికీలు పళ్ళెమంత. మొదటిరోజు అన్న లోపలికి పోవడం, వెంటనే బయటికి రావడం, ఒడ్డున కూర్చుని చెమట తుడుచుకోవడం, అంతే పని. తోట కూలీలు చూసి నవ్వారట. మరుసటిరోజు పొద్దున్నే ఆ తలుపును కీళ్ళ నుంచి ఊడదీసి గడ్డిలో పారేశాడు. ఆ తర్వాతే చేయి ఆడింది.

నేను ఒకసారి ముద్ద, చారు తీసుకుని పోయి చూశాను. లోపల పాత ఉప్పు, నూనె, తడిచెక్క కలిసిన వాసన. పైపలకలు ఊడదీస్తే చేతిలో తడిసిన రొట్టెలా విరిగిపోతున్నాయి. కింద పడవ అడుగులో ఏ కాలం నీళ్ళో నిలిచి నల్లగా ఉన్నాయి. వాటిపైన అడ్డపట్టెలు, ఆ పట్టెల మీద నేల. గాలి పోయే దారి లేక, నీళ్ళు తోడే దారి లేక, ఆ నేల కింది నుంచి చచ్చిపోయింది. అన్నకు అది చూడగానే అర్థమైంది. కొత్త నేలను మొత్తంగా మూసేయకుండా, వేలు దూర్చి ఎత్తగలిగే చిన్న చిన్న పలకలుగా టేకుతో చేశాడు. పడవ గోడకు ఎక్కడా తిన్నని గీత లేదు, అంతా వంపే. అట్ట ముక్కలను వంపుకు తగ్గట్టు కత్తిరించి, వాటిని పలక మీద పెట్టి కోశాడు. పలకకూ గోడకూ మధ్య గోరు దూరలేదు. ఆ పని చూసి నేను కూడా తిట్టడానికి ఏమీ దొరక్క ముద్ద పెట్టి వచ్చేశాను.

తప్పు వేరే చోట జరిగింది. మా ఇళ్ళలో వడ్రంగి పిల్లలకు మొదట నేర్పే పాఠం ఒకటుంది. పాత మట్టి ఇళ్ళలో గోడ ఏ పక్కకైనా ఒరిగి ఉండనీ, గడప మాత్రం రసమట్టానికి రావాలి. రసమట్టం అంటే నడుమ గాజుగొట్టం, అందులో బుడగ ఉండే పట్టె. బుడగ నడిమికి వస్తే చెక్క చదునుగా కూర్చున్నట్టు. గోడతో పాటు గడప కూడా ఒరిగిన ఇంట్లో సంసారం నిలవదని మావాళ్ళ నమ్మకం. గోడ మాట వినొద్దు, బుడగ మాట వినమని నాయన మొట్టికాయ వేసి మరీ చెప్పేవాడు.

ఒడ్డున నేల మెత్తబడి పడవ ఎడమ పక్కకు రవ్వంత ఒరిగి ఉంది. అన్న అది చూశాడు. చూసి, గోడ ఒరిగిందనుకున్నాడు. కొత్త అడ్డపట్టెలను చెక్కి చెక్కి, బుడగ సరిగ్గా నడిమికి వచ్చాక బిగించాడు. ఇల్లు ఒరిగితే ఒరిగినట్టే ఉంటుంది. పడవ నీళ్ళలో పడితే లేచి నిలబడుతుంది. ఆ సంగతి కొండ మీద పుట్టి తలుపులు చేసిన మనిషికి ఎవరు చెప్పాలి?

గురువారం పూజ చేసి, క్రేనుతో పడవను గుంటలోకి దించారు. మమ్మల్నీ భోజనానికి పిలిచారు. ఫోటోలకు బాగుండాలని తిలక్ ఆ చిన్న తలుపును మళ్ళీ బిగించి, రంగు కూడా వేయించాడు. పడవ నీళ్ళ మీద అందంగా నిలబడింది. తాడుతో ఒడ్డుకు కట్టి, నడిచి పోవడానికి పలక వేశారు. పెద్దాయన వీరప్ప ముందుగా లోపలికి దిగి, నేల మీద టెంకాయ పెట్టి మొక్కబోయాడు. టెంకాయ దొర్లుకుంటూ కుడి గోడకు పోయి కొట్టుకుంది. ఆయన తెచ్చి మళ్ళీ పెట్టాడు. అది మళ్ళీ పోయింది.

"ఏమిరా తిలకూ, వంకర పడవ తెచ్చినావు?" అని లోపలి నుంచే అరిచాడు.

క్రేను డ్రైవరు తొంగి చూసి, పాత పడవలు ఇట్లే మెలి తిరిగి ఉంటాయి, అమ్మినవాడు మోసం చేశాడు అన్నాడు. తిలక్ అప్పటికే ఫోను తీసి, అమ్మినవాణ్ణి అరవంలో కడిగేస్తున్నాడు. అన్న ఒడ్డున నిలబడి ఉన్నాడు. పడవ బయట నిటారుగా ఉండటం, లోపల టెంకాయ దొర్లడం రెండూ చూసి, సంగతేమిటో ఆ క్షణంలో అర్థం చేసుకున్నాడు. నాకు మొహం చూస్తేనే తెలిసింది. నోరు మూసుకుంటే చాలు, తప్పు పడవదే అవుతుంది, షెడ్డు అన్నదే అవుతుంది. నేను చెయ్యి పట్టి లాగాను కూడా.

"పడవది ఏమీ లేదప్పా," అన్నాడు అన్న. "నేలే వంకర. నేనే ఏసినాను. ఒరిగిన పడవలో రసమట్టం పెట్టి చూసినాను."

కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో అప్పుడు కళ్ళారా చూశాను. తిలక్ ఫోను జేబులో పెట్టాడు. కేకలు వేయలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, నాకు సుఖంగా ఉండేది.

"ఆదివారం మొదటి గెస్టులు వస్తాండారు నాగేశప్పా," అన్నాడు. "ఆ లోపల సరిచేస్తే సరి. లేకుంటే దీన్ని ఒడ్డుకెత్తి, ఒరిగించి, సిమెంటు పోసి నిలబెట్టేస్తా. చెక్క ఇళ్ళ పని బెంగళూరు ప్లైవుడ్డోళ్ళకు ఇచ్చేస్తా. ఏమీ అనుకోవద్దు."

"సరిచేస్తానప్పా," అన్నాడు అన్న.

శుక్రవారం పలకలన్నీ ఎత్తి, కుడి పక్క పట్టెల మీద వేయడానికి టేకు చీలికలు చెక్కుకున్నాడు. వాటిని ఎంత ఎత్తున అంటించాలో బుడగే చెప్పాలి. అక్కడ వచ్చింది చిక్కు. నీళ్ళ మీద పడవ మనిషి బరువుకు ఒరుగుతుంది. అన్న కుడి పక్కకు పోతే కుడికి, ఎడమకు పోతే ఎడమకు. చూసేవాడు కదిలితే బుడగా కదులుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి మా వాకిట్లో కూర్చున్నాడు.

"మారీ, రేపు నాతో వస్తావా? నేను కుడి పక్క కూర్చుంటే ఎడమ పక్క ఎవురైనా కూర్చోవాల."

"తోటలో కూలోళ్ళు లేరా?"

"వాళ్ళంతా సన్నగా ఉండారు."

నా బరువు ఒకరికి అవసరమయిందని ఆ రోజే మొదటిసారి విన్నాను. చీరల సంచీ సర్దుకుని బయల్దేరాను.

శనివారం పొద్దున పలక మీద నడిచి, వంగి లోపలికి దిగాను. నాకు మూసిన చోట్లంటే భయం లేదు గానీ, కింద నీళ్ళు పడవను తడుతున్న చప్పుడు విని మెట్టును రెండు చేతులా పట్టుకున్నాను. అన్న తలుపును బార్లా తీసి, నా సంచిలోని ఫాల్ గుడ్డ పేలికతో పక్క కమ్మీకి కట్టాడు. మెట్ల దగ్గర వెలుతురు పడేచోటే పనిముట్లు పెట్టుకున్నాడు. నన్ను ఎడమ పక్క కూర్చోబెట్టి, రసమట్టాన్ని నడుమ పెట్టాడు.

"రెండు జానలు వెనక్కి జరుగమ్మా. ఆ... ఇంక కదలొద్దు."

"ఊపిరి తీసుకోవచ్చా?"

"మెల్లిగా తీసుకో."

అట్లా ఒక్కొక్క పట్టెకూ చీలిక పెట్టి, బుడగ చూసి, గీత గీసుకుని, మధ్యాహ్నానికి అన్నీ కుదిర్చాడు. చివరికి మిగిలింది అంటించడం. రెండు డబ్బాల బంకను కలిపి పూస్తే అది అరగంటలో గట్టిపడుతుంది. గట్టిపడేదాకా చీలికలు జరగకూడదు, పడవ ఒరగకూడదు. అన్న కుడి పక్క బోర్లా పడుకుని రెండు చేతులూ చాపి చీలికల మీద ఒత్తి పట్టాడు. నేను ఎడమ పక్క బొమ్మలా కూర్చున్నాను.

అప్పుడు గాలి లేచింది. తళి గాలి ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. పడవ చిన్నగా ఊగింది, పేలిక తెగింది, తలుపు ధడేలుమని మూసుకుంది. పళ్ళెమంత కిటికీల వెలుతురు కింది దాకా రాలేదు, లోపల చీకటయింది.

అన్న ఊపిరి నాకు వినిపించింది. పరుగెత్తి వచ్చిన మనిషి ఊపిరి.

"ఉండన్నా, లేచి తెరుస్తా," అని కాళ్ళు కదిలించాను.

"లేవొద్దు!"

"అన్నా, తలుపు..."

"నువ్వు లేస్తే పడవ ఒరుగుతాది. చీలికలు జారిపోతాయి. లేవొద్దు మారీ. యాడుండే దానివి ఆడే ఉండు."

ఆ గొంతు మా అన్నది కాదనిపించింది. ఆ పెట్టెలో అరిచిన పిల్లవాడి గొంతు అట్లాగే ఉండి ఉంటుంది. నాకు ఏడుపొచ్చింది. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది, లేచి తోస్తే తెరుచుకుంటుంది. లేవకూడదు. జాకెట్టులోని ఫోను మెల్లిగా తీసి బుడగ మీదికి లైటు వేశాను. బుడగ నడుమనే ఉంది.

"మారీ, ఏమైనా మాట్లాడు," అన్నాడు.

"ఏం మాట్లాడేదన్నా?"

"తిట్టు. నువ్వు తిడతాంటే ఇంట్లో ఉండేటట్టు ఉంటాది. ఆపొద్దు."

అట్లాంటి అనుమతి నాకు పుట్టి బుద్ధెరిగాక ఎవరూ ఇవ్వలేదు. మొదలుపెట్టాను. గురువారం నోరు మూసుకుని ఉంటే ఈపాటికి ఇంట్లో ముద్ద మింగుతుండేవాడివని తిట్టాను. పిలిచి పిల్లనిస్తానంటే కులం తక్కువన్నవాడు నీకంటే తెలివైనవాడన్నాను. మా నాయనను, ఆయన బుడగను, సముద్రం వదిలేసి కొండెక్కిన ఈ పడవను, దాన్ని తెచ్చిన తిలక్‌ను, వాడి గులాబీలను ఒక్కొక్కటిగా తిట్టాను. మా ఆయన తరఫు చుట్టాలు కూడా మధ్యలో వచ్చి పోయారు. తిట్టేటప్పుడు చేతులు తిప్పడం నాకు అలవాటు, ఆ రోజు చేతులు ఒళ్ళో పెట్టుకునే తిట్టాను. మధ్యలో ఒకసారి అన్న నవ్వాడు. ఇంకోసారి ఏడ్చాడు. నేను ఆపలేదు. గొంతు ఎండిపోతే ఉమ్ము మింగి మళ్ళీ అందుకున్నాను.

చాలాసేపటికి అన్న ఒక వేలితో బంకను నొక్కి చూశాడు.

"పట్టింది," అన్నాడు. "లేయ్."

నేను లేచి తలుపు తోశాను. అన్న మెట్లెక్కలేక చేతుల మీద పాక్కుంటూ బయటికి వచ్చాడు. చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఇద్దరం ఒడ్డున గడ్డిలో కూర్చుని గాలి పీల్చుకున్నాం.

సాయంత్రానికి పలకలన్నీ తిరిగి పరిచాడు. తిలక్ వచ్చి నేల మీద గ్లాసునిండా నీళ్ళు పెట్టి, చుట్టూ తిరిగి చూశాడు. వీరప్ప టెంకాయ పెట్టి చూశాడు. అది పెట్టినచోటే ఉంది.

ఆదివారం గెస్టులు వచ్చి, పడవలో ఒక రాత్రి పండి పోయారు. తర్వాతి శుక్రవారం సాయంత్రం తిలక్ మమ్మల్ని రమ్మన్నాడు. మొహం నిండా నవ్వు.

"వచ్చినోళ్ళకు ఏం నచ్చిందో తెల్సునా నాగేశప్పా? లోపల తల వంచి కూర్చునేది, ఆ చిన్న కిటికీలు, ఆ చిన్న తలుపు. అందుకే ప్లాను మార్చేసినాను. చెక్క ఇళ్ళు వద్దు. ఎనిమిదీ ఇట్లే పడవల మాదిరే కట్టేద్దాం. కొండవాలు మీద, యాడికాడ. చేసేదానికి నీకంటే మనిషి దొరకడు."

"షెడ్డులో..." అన్నాడు అన్న.

"షెడ్డు పూల ప్యాకింగుకు ఇచ్చేసినాను. నీకింక ఎండా వానా భయం లేదు. లోపలే కూర్చుని చల్లగా చేసుకోవచ్చు."

తిలక్ అది మంచి మనసుతోనే చెప్పాడు. అందుకే తిట్టడానికి కూడా వీలు కాలేదు. పెనం మీది నుంచి పొయ్యిలో పడటమంటే ఇదే. హోసూరు షెడ్డులో అన్న పీట మీద అప్పటికే వేరే మనిషి కూర్చుని మేకులు కొడుతున్నాడు. అన్న గోడలు లేని ఆ రేకుల షెడ్డు వైపు కాసేపు చూశాడు. అందులో అప్పుడే ఎవరో పూల డబ్బాలు దించుతున్నారు.

"సరేనప్పా," అన్నాడు. "సోమవారం నుంచి వస్తా."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో తలుపు పక్క సీటు దొరికింది. అన్న కమ్మీ పట్టుకుని మొహం బయటికి పెట్టి కూర్చున్నాడు. బస్సు హోసూరు దగ్గరికి వచ్చింది. అప్పుడు నా వైపు తిరగకుండానే అడిగాడు.

"సోమవారం నువ్వు గూడా వస్తావా మారీ?"

"ఇవి నేల మీద కట్టేవి గదా అన్నా. ఒరగవు. బరువెందుకు?"

"బరువుకు కాదమ్మా," అన్నాడు. "తిట్టేదానికి."

ఆ పూట నా నోటికి ఒక్క తిట్టూ రాలేదు.